అక్క కేసు ఊరందరికీ రాత్రి కాలక్షేపం, అమ్మ కూడా రోజూ చూస్తోంది

ఒక జిల్లా కేంద్రం నుంచి 31 ఏళ్ల పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కనుక సారాంశం ఇస్తున్నాం. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాం.

ఆయన అక్క హత్యకు గురైంది. మొదటి నిందితుడు బావ, రెండో నిందితుడు బావ స్నేహితుడు. ఇద్దరూ బెయిలు మీద బయట ఉన్నారు. సెషన్స్ కోర్టులో విచారణ నడుస్తోంది. ఫిర్యాదు ఇచ్చిన తండ్రి మొదటి సాక్షి; ఆయన సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ పూర్తయ్యాయి. తల్లిని ఇంకా పిలవలేదు. అక్క కొడుకు తొమ్మిదేళ్లవాడు, అమ్మమ్మ ఇంట్లోనే పెరుగుతున్నాడు. వాడి పేరు కూడా సాక్షుల జాబితాలో ఉంది.

ఈ కేసు మీద ఒక యూట్యూబ్ ఛానెల్ వాయిదా ఉన్న ప్రతి రోజూ రాత్రి తొమ్మిదింటికి లైవ్ నడుపుతుంది. కేసుకు సినిమా పేరులాంటి పేరు తగిలించారు. యాంకరు ఒకసారి డిఫెన్స్ లాయరు గొంతుతో, ఒకసారి సాక్షి గొంతుతో మాట్లాడి చూపిస్తాడు. భర్తకు శిక్ష పడుతుందా, పడదా అని ఓటింగు పెడతాడు. అక్క పెళ్లి వీడియోలోని ముక్కలను ఫేస్‌బుక్ నుంచి తీసుకుని, వెనక సంగీతం కలిపి వేస్తాడు. ఒకరోజు కుటుంబ ఫోటో మొత్తం వేశాడు; పిల్లవాడి ముఖం కూడా కప్పలేదు. తండ్రి బోనులో తడబడిన రోజున 'మామ దొరికిపోయాడా?' అని శీర్షిక పెట్టాడు.

"అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది అమ్మ" అంటారు ఈ పాఠకుడు. అందరూ పడుకున్నాక ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్క ఎపిసోడూ వదలకుండా చూస్తుంది. కామెంట్లన్నీ చదువుతుంది. మారుపేరుతో ఖాతా తెరిచి 'ఆ అమ్మాయి అలాంటిది కాదండీ, నాకు తెలుసు' అని జవాబులు రాస్తోందని ఈమధ్యే బయటపడింది. తండ్రి కోపంతో ఇంట్లో ఇంటర్నెట్ కనెక్షన్ తీయించేశారు. ఆమె ఫోనులో డేటా వేయించుకుంది. ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి.

ఈలోగా ఆ ఛానెల్ వాళ్లు పళ్లు పట్టుకుని ఇంటికే వచ్చారు. తల్లి కెమెరా ముందు మాట్లాడితే కుటుంబం పక్షాన ఉన్న నిజం జనానికి తెలుస్తుందని, పిల్లవాడి చదువుకు కొంత సొమ్ము ఇస్తామని చెప్పి వెళ్లారు. తల్లికి వెళ్లాలని ఉంది. తండ్రి ససేమిరా అంటున్నారు.

ఆఫీసులోనూ ఇదే గొడవ. భోజనాల దగ్గర సహోద్యోగులు ఈ కేసు గురించే మాట్లాడుకుంటారు. తీర్పు మీద బిర్యానీ పందెం కూడా కాసుకున్నారు. చనిపోయినామె ఈయన అక్క అని వాళ్లకు తెలియదు. ఇంటిపేరు వేరు, ఊరు వేరు. "నువ్వేమంటావు, పడుతుందా శిక్ష?" అని ఈయననే అడిగారట. చెయ్యి కడుక్కునే నెపంతో లేచి వెళ్లిపోయారట.

ఛానెల్ మీద కేసు వేయాలా, అమ్మను ఎలా ఆపాలి, ఆఫీసులో చెప్పాలా అన్నవి ఆయన ప్రశ్నలు. ఉత్తరం అడుగున మరో వాక్యం ఉంది: "అమ్మ ఆ వీడియో చూస్తూ కనిపిస్తే యాంకరు మీద కంటే అమ్మ మీదే నాకు ఎక్కువ కోపం వస్తోంది. ఇదేమి బుద్ధి నాది?"

సమాధానం

చివర రాసినదాన్నే ముందు తీసుకుంటాను. మీ బుద్ధికి ఏ లోపమూ లేదు. యాంకరు మీకు అందడు, అమ్మ పక్క గదిలో ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనుషులందరూ చేసేదే. కాకపోతే ఆ కోపం వెనక మీరు నమ్మిన విషయం ఒకటుంది: అమ్మ కూడా మిగతా ప్రేక్షకుల్లో ఒకరైపోయిందని. అది నిజమని నాకు అనిపించడం లేదు.

ఒకసారి ఆమె స్థానం నుంచి చూడండి. కోర్టు కాగితాల మీద ఒకవైపు ప్రభుత్వం ఉంటుంది, ఇంకోవైపు నిందితులుంటారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి సాక్షుల జాబితాలో ఒక అంకె. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు తెలియజేయాలని కొత్త నేర విచారణ చట్టంలో రాశారు, బాగానే ఉంది. చార్జిషీటు వేసిన తర్వాత ఏ వాయిదాకు ఏమి జరిగిందో ఇంటికొచ్చి చెప్పేవారు ఎవరూ లేరు. సమన్లు ఇవ్వడానికి వచ్చే కోర్టు కానిస్టేబులు చెప్పే రెండు ముక్కలే సమాచారం. పైగా సాక్ష్యం ఇంకా ఇవ్వని వారిని, ఇతర సాక్షులు మాట్లాడుతున్నప్పుడు హాల్లో కూర్చోనివ్వరు. ఆ నియమానికి మంచి కారణమే ఉంది. దాని సంగతి కిందికి వస్తాను. దాని ఫలితం మాత్రం చూడండి: యాంకరు కోర్టు హాల్లో బెంచీ మీద కూర్చోవచ్చు, కన్నతల్లి వరండాలో ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి ఆమె అతని దగ్గరకు వెళ్లక ఎవరి దగ్గరకు వెళుతుంది?

ఇంకొకటి. మీ ఉత్తరం చాలా పేజీలుంది. అందులో మీ అక్క గురించి కేసుకు సంబంధం లేని వాక్యం ఒక్కటీ లేదు. ఆమె ఏం చదివింది, మీ ఇద్దరికీ ఎంత తేడా, దేనికి నవ్వేది, ఏమీ లేదు. తప్పుపట్టడానికి చెప్పడం లేదు, ఇలాంటి చావు చూసిన ఇళ్లలో ఇలాగే జరుగుతుంది. మీ నాన్నగారు ఆ పేరు ఎత్తరు. మీరు ఎత్తితే ఆయన బాధపడతారని ఎత్తరు. పిల్లవాడి ముందు అసలే ఎత్తరు. అంటే ఆమె పేరు బయటికి వినబడే చోటు ఒక్క ఆ ఛానెలే. అక్కడ ఆమె గురించి చెడుగా మాట్లాడినా అమ్మ వింటోంది, వేరే చోట అసలు మాటే లేదు కనుక. 'ఆ అమ్మాయి అలాంటిది కాదండీ' అన్న వాక్యం ఆమె మీతో చెప్పాలనుకున్నది, చుట్టాలతో చెప్పాలనుకున్నది, జడ్జిగారితో చెప్పాలని ఎదురుచూస్తున్నది. ఎవరూ అడగకపోతే ముక్కూమొహం తెలియని వాళ్లతో చెప్పుకుంటోంది.

కాబట్టి 'అమ్మను ఎలా ఆపాలి' అనే ముందు 'అమ్మకు అక్కడ ఏం దొరుకుతోంది, అది ఇంట్లో ఎలా దొరుకుతుంది' అని ఆలోచించమంటాను.

అయితే ఆపవలసిన అవసరం నిజంగానే ఉంది, మీ నాన్నగారు అనుకుంటున్న కారణానికి కాదు. సాక్షుల్ని హాలు బయట ఉంచేది, ఒకరు చెప్పింది విని మరొకరు తమ మాట మార్చుకోకుండా ఉండాలని. అమ్మ బయట వరండాలో కూర్చుని, రాత్రికి ఇంట్లో లోపల జరిగినదంతా, అదీ మసాలా కలిపి, వింటోంది. రేపు క్రాస్‌లో డిఫెన్స్ లాయరు "మీరు ఫలానా ఛానెల్ చూస్తారా అమ్మా? అందులో విన్నదే ఇక్కడ చెబుతున్నారా?" అని అడిగితే ఆమె ఏమని చెప్పాలి? చూడలేదంటే అబద్ధం, చూశానంటే ఆమె కళ్లారా చూసిన విషయాలకు కూడా విలువ తగ్గుతుంది. మారుపేరుతో రాసిన కామెంట్లు బయటికొస్తే ఇంకా ఇబ్బంది. కొత్తవి రాయడం ఇవాళే మానేయమనండి. పాతవి మాత్రం తొందరపడి తుడిచేయవద్దు. ముందు ప్రభుత్వం తరఫున కేసు వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ)తో ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన సలహా ప్రకారం చేయండి. దాచడానికి ప్రయత్నించారన్న మాట కామెంట్ల కంటే చెడ్డది.

ఇక మార్గాలు. నాన్నగారి మార్గం కనెక్షన్ కోయడం. అది ఎలా ముగిసిందో మీరే రాశారు. ఇంకా బిగిస్తే పక్కింటి వాళ్ల ఫోనులో చూస్తుంది. చూడనిచ్చేసి ఊరుకుంటే పైన చెప్పిన ప్రమాదం. మధ్యే మార్గం ఒకటుంది, కొంచెం కష్టం: 'నీ సాక్ష్యం అయ్యేవరకు' అని గడువు పెట్టడం. ఈ మాట మీ నోటి నుంచి, నాన్నగారి నోటి నుంచి వస్తే ఆమెకు మరో ఆంక్షలాగే వినిపిస్తుంది. పీపీగారి దగ్గరకు ఆమెను తీసుకువెళ్లి ఆయన చేత చెప్పించండి. కూతురి కోసం చేయగలిగిన పని ఒకటి తన చేతిలో ఉందని తెలిస్తే చాలామంది తల్లులు దేన్నైనా మానగలరు. గడువుకు ఇంకో లాభం ఉంది. సాక్ష్యం పూర్తయ్యాక సాధారణంగా ఆమె హాల్లోనే కూర్చుని వినవచ్చు, యాంకరు కథనంతో పని ఉండదు.

రాత్రి తొమ్మిదింటికి ఏర్పడే ఆ ఖాళీని మాత్రం ఎవరో ఒకరు పూరించాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య) కొడితే తదుపరి వాయిదా, కేసు ఏ దశలో ఉంది అన్నది కనిపిస్తుంది. మీరు సాక్షి కాదు కాబట్టి ఎప్పుడైనా హాల్లోకి వెళ్లి కూర్చోవచ్చు. మొదటి రోజు తర్వాత మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదని రాశారు. వెళ్లి తీరాలని అనను. నిందితుల పక్క బెంచీలో కూర్చోవడం అందరి వల్లా అయ్యేది కాదు. మీరు వెళ్లలేకపోతే మీ తరఫున లాయరును పెట్టుకోవచ్చు. పీపీకి సహాయంగా బాధితులు సొంత లాయరును నియమించుకోవడానికి కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. పాత నేర విచారణ చట్టమైన సీఆర్పీసీలోనూ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ వీలుంది. ఆ లాయరు పీపీ సూచనల మేరకే నడుచుకోవాలి. కోర్టు అనుమతిస్తే సాక్ష్యాలన్నీ ముగిశాక రాతపూర్వక వాదన ఇవ్వవచ్చు. ఫీజు భారమనుకుంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది కనుక దరఖాస్తు అమ్మ పేరుతో పెట్టండి. 15100కు ఫోను చేసినా వివరాలు చెబుతారు.

వాయిదా రోజు రాత్రి అమ్మకు చెప్పవలసింది కొంచెమే: ఎవరి సాక్ష్యం జరిగింది, అయిందా మిగిలిందా, మళ్లీ ఎప్పుడు. ఎవరు ఏమన్నారో చెప్పకూడదు. చాలా రోజులు చెప్పడానికి ఏమీ ఉండదు కూడా. జడ్జిగారు సెలవు, సాక్షి రాలేదు, లాయర్లు విధులు బహిష్కరించారు. నిజమైన విచారణలో అధిక భాగం ఇదే. ఇది చూపిస్తే ఎవరూ చూడరు కాబట్టి ఛానెల్ ఆ రోజుల్లో అనుమానాలు వండుతుంది. మీరు 'ఈరోజు ఏమీ జరగలేదమ్మా' అని ఉన్నదే చెప్పండి.

హత్య విచారణను వినోదంగా చూడటం యూట్యూబ్‌తో మొదలైన జబ్బు కాదు. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి, తన భార్యతో సంబంధం ఉన్న ప్రేమ్ ఆహుజాను కాల్చి చంపిన కేసు నడుస్తున్నప్పుడు వీధుల్లో 'నానావతి రివాల్వరు' బొమ్మలు, 'ఆహుజా తువాలు' అమ్మారు. కాల్చినప్పుడు ఆహుజా ఒంటి మీద ఉన్నది తువాలే. ఒక వారపత్రిక నిందితుడికి హీరో వేషం కట్టింది. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరే కాదన్నారు. హైకోర్టు దాన్ని తోసిపుచ్చి యావజ్జీవం వేస్తే 1961లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. 1964లో గవర్నరు క్షమాభిక్ష ఇచ్చేముందు ఆహుజా సోదరి మామీ చేత అభ్యంతరం లేదని రాయించుకున్నారు. ఈ కథ మన దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నేళ్లూ ఆ తువాలు బొమ్మలు దాటుకుంటూ నడిచిన ఆ సోదరి ఏమనుకుని ఆ కాగితం మీద సంతకం చేసిందో అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

హేమ్‌రాజ్ కథ నన్ను ఇంకా బాధిస్తుంది. 2008 మే 16న నోయిడాలో 13 ఏళ్ల ఆరుషి శవం ఆమె గదిలో కనిపించింది. ఇంట్లో పనిచేసే నేపాల్ మనిషి హేమ్‌రాజ్ కనిపించకపోవడంతో ఆ రోజంతా అతడే హంతకుడని ప్రచారం. మరునాడు అతని శవం అదే ఇంటి డాబా మీద దొరికింది. 2013లో ఆరుషి తల్లిదండ్రులకు శిక్ష పడింది, 2017లో అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులంది. ఇన్నేళ్లలో దేశమంతా రెండు శిబిరాలై ఆ తల్లిదండ్రుల గురించి వాదించుకుంది. రెండో హతుడి ఇంట్లో వాళ్లు నేపాల్లో ఉన్నారన్నది ఎవరికీ పట్టలేదు. హైకోర్టు తీర్పు మీద హేమ్‌రాజ్ భార్య సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, ఓహో, ఆయనకూ భార్య ఉందా అన్నట్టుగా కొన్ని రోజులు వార్తలు వచ్చాయి. ఓటింగు పెట్టేవాడి ప్రశ్న ఎప్పుడూ 'ఎవరు చేశారు' అన్నదే. 'ఎవరికి జరిగింది' అన్నదానికి ఓట్లు పడవు.

అలాగని జనం దృష్టి పడటమంతా చెడ్డదేనని చెప్పను. 1999లో ఢిల్లీలో జెస్సికా లాల్ హత్య కేసులో 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు నిందితులందరినీ వదిలేసినప్పుడు పత్రికలు, టీవీలు, వీధుల్లోకి వచ్చిన జనం గొడవ చేయకపోతే హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో అంత త్వరగా తేల్చేది కాదేమో. అక్కడ అడిగిన ప్రశ్న సాక్షులు ఎందుకు ఎదురుతిరిగారు, దర్యాప్తు ఎందుకు నీరుగారింది అని. కోర్టు తలుపులు తెరిచి ఉంచేది ఇలాంటి నిఘా కోసమే. మీ ఊరి యాంకరు ఇటువంటి ప్రశ్న ఒక్కటైనా వేశాడేమో చూడండి. వేసి ఉంటే అతనితో మాట్లాడే పద్ధతి వేరు.

ఇక ఇంటర్వ్యూ. ఇక్కడ కూడా నేను ఆజ్ఞ వేయను కానీ నా మొగ్గు దాచను: అమ్మ సాక్ష్యం కాకముందు వద్దు. కెమెరా ముందు ఒక తేదీ అటూఇటూ చెప్పినా, దుఃఖంలో ఒక మాట పెంచి చెప్పినా, బోనులో దాన్ని ఆమె ముందు పెడతారు. సొమ్ము విషయం ఇంకా ముఖ్యం. పిల్లవాడి చదువుకే అయినా విచారణ మధ్యలో సాక్షి ఇంటికి డబ్బు వస్తే, డబ్బు తీసుకుని మాట్లాడిన సాక్షి అనే ముద్ర వేయడానికి డిఫెన్స్‌కు ఒక్క నిమిషం చాలు. 2021 జనవరిలో బాంబే హైకోర్టు మీడియా విచారణల మీద ఇచ్చిన తీర్పులో కేసు దర్యాప్తు నడుస్తుండగా బాధితులను, సాక్షులను, వాళ్ల కుటుంబసభ్యులను ఇంటర్వ్యూ చేయడం, కీలక సాక్షుల మాటలను విశ్లేషించడం, నేరదృశ్యాన్ని మళ్లీ నటించి చూపడం మానుకోవాలని చెప్పింది. అది ప్రధానంగా టీవీ ఛానెళ్ల వ్యవహారంలో వచ్చింది, మన రాష్ట్రాల యూట్యూబర్ల మీద నేరుగా బాధ్యత మోపదు. కానీ పళ్లు పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ తీర్పు ప్రస్తావిస్తూ 'ఇప్పుడు కుదరదు' అని కాగితం మీద రాసి ఇవ్వడానికి పనికొస్తుంది.

'ఎప్పటికీ వద్దు' అని అమ్మ తరఫున మీరో నాన్నగారో తీర్మానించకండి. ఆమె మాట్లాడాలనుకోవడం న్యాయమైన కోరిక. సాక్ష్యం అయ్యాక, అప్పటికీ పీపీకి అభ్యంతరం లేకపోతే, చేయవచ్చు. ఏదైనా దినపత్రిక విలేకరితో మాట్లాడితే రాతలో వచ్చేది మిగులుతుంది, లైవ్ కామెంట్ల గోల ఉండదు. ఆ ఛానెల్‌తోనే అంటే, లైవ్ వద్దని, చనిపోయిన తీరు గురించి అడగవద్దని, పిల్లవాడి ప్రస్తావన రాకూడదని ముందే రాయించుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే మీ నాన్నగారితో వాదించే అవసరం లేకుండానే విషయం తేలిపోతుంది. ఇంకా మెరుగైనది, నాకు తోచినంతలో, ఆమె చెప్పాలనుకున్నది ముందు ఇంట్లో మీకు చెప్పడం. మీరు రాసుకోండి. తారీఖులు, బావ విషయాలు వద్దు, అవి కేసువి. అక్క చిన్నప్పటి సంగతులు చెప్పమనండి. మేనల్లుడికి పదిహేనేళ్లు వచ్చి వాళ్లమ్మ పేరు ఇంటర్నెట్లో వెతికితే వాడికి దొరికేది ఆ ఛానెలే కాకుండా ఉండాలి కదా.

నాన్నగారి గురించి రెండు మాటలే. క్రాస్‌లో ఆయన్ని ఏమడిగారో, ఎక్కడ తడబడ్డారో ఇంట్లో చెప్పుకోలేదు, ఊరంతా మాత్రం శీర్షిక చదివింది. భార్య ఆ వీడియో కూడా చూసిందని ఆయనకు తెలుసు. ఆయన కోపంలో సగం సిగ్గు. 'నువ్వు బాగానే చెప్పావు నాన్నా, అంతసేపు ఎవరు నిలబడగలరు' అని మీరు ఒకసారి అనండి. అమ్మ సాక్ష్యం చెప్పే ముందు అక్కడ ఎలా ఉంటుందో ఆమెకు చెప్పగలిగినవాడు ఇంట్లో ఆయనొక్కడే. తను ఏమి సాక్ష్యం చెప్పారన్నది వదిలేసి, నిలబడే చోటు, కంగారు, మంచినీళ్లు అడగవచ్చన్న సంగతి చెబితే చాలు. ఇద్దరి మధ్య మాట కలవడానికి అంతకన్నా మంచి సందర్భం నాకు తోచడం లేదు. నిద్ర, తిండి బాగా దెబ్బతింటే 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం అది, తెలుగులో మాట్లాడతారు.

ఆఫీసు. అందరి ముందూ చెప్పేస్తే ఆ పూట బల్ల దగ్గర నిశ్శబ్దం, క్షమాపణలు, తర్వాత మీరు రాగానే మాట మార్చడాలు. పందెం ఆగుతుంది, కానీ కొద్ది రోజులకే ఒకరు పక్కకు పిలిచి "అసలేం జరిగింది?" అని అడుగుతారు. వీడియో చూసేవాడికి అసలు మనిషి దొరికితే వదలడు. చెప్పకుండా ఉంటే తీర్పు వరకూ ప్రతి మధ్యాహ్నం మీరు చేతులు కడుక్కుంటూనే ఉండాలి, ఈలోగా వాళ్లకు వేరే దారిన తెలిస్తే 'ఇన్నాళ్లూ మన మాటలు వింటూ కూర్చున్నాడా' అన్న ఇబ్బంది రెండువైపులా మిగులుతుంది. మూడోది, మీకు నమ్మకమున్న ఒక్కరికి చెప్పి, ఆ సంభాషణ ఆపే బాధ్యత వారికి అప్పగించడం. పెద్ద వయసు వారైతే మేలు. కారణం చెప్పకుండానే 'ఈ కేసు మాట ఇక్కడ వద్దు' అనగలిగినవారు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. ఏ దారి ఎంచుకున్నా ఒక వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "కేసు కోర్టులో ఉంది, నేను మాట్లాడను." మీరు ఎవరికీ వివరణ బాకీ లేరు. బిర్యానీ పందెం కాసినవాళ్లు దుర్మార్గులని కూడా అనుకోకండి. వాళ్లకు కనిపించేది ఒక కథ, అందులోని మనుషులకు తమ్ముళ్లుంటారని, ఆ తమ్ముళ్లు పక్కనే కూర్చుని అన్నం తింటుంటారని తట్టలేదు.

చివరికి ఛానెల్ మీద కేసు. ఇక్కడ ఆశలు ఎక్కువ పెట్టుకోవద్దు. విచారణ బహిరంగంగా జరుగుతుంది, కోర్టు రికార్డుల్లో ఉన్నదాన్ని రాయవచ్చని సుప్రీంకోర్టు 1994లోనే, హత్యల కేసులో శిక్షపడిన తమిళనాడు ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ వ్యవహారంలో చెప్పింది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న కఠిన నిషేధం లైంగిక నేరాలకు సంబంధించినది. 2019లో హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరంలో పోలీసులు 'దిశ' అన్న పేరు వాడమని కోరింది అందుకే. మీ అక్క కేసులో ఆ ఆరోపణ లేదని రాశారు కాబట్టి ఆ నిషేధం వర్తించదు. గౌరవానికి భంగం అంటూ సివిల్ దావా వేసి నిషేధపు ఉత్తర్వు అడగవచ్చు. ఖర్చు, కాలం, పైగా 'హతురాలి కుటుంబం మా నోరు నొక్కుతోంది' అని ఇంకో ఎపిసోడ్ తయారవుతుంది. పెళ్లి వీడియో ముక్కల మీద ఆ ప్లాట్‌ఫారంలోనే ఫిర్యాదుల అధికారికి రాయవచ్చు. అక్కడ న్యాయం జరగకపోతే కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీ ఉంది. ఇది నెమ్మదైన పని, ఖర్చు లేని పని.

మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం పిల్లవాడి ఫోటో. నేరానికి సాక్షిగా గాని, బాధితుడిగా గాని ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే ఏ వివరమైనా ప్రచురించకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను చెబుతుంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇందులో వాదనకు పెద్దగా తావు లేదు. మీరు నేరుగా పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చు, జిల్లా బాలల సంరక్షణ అధికారికి రాయవచ్చు, లేదా ముందు లాయరు చేత నోటీసు పంపి ఆ ఎపిసోడ్ తీసేయమనవచ్చు. ఫిర్యాదు చేస్తే వాళ్లకు గట్టిగా తగులుతుంది, పగ కూడా పెరుగుతుంది. నోటీసుతో సరిపెడితే ఆ వీడియో పోతుంది, మిగతా కార్యక్రమం నడుస్తుంది. ఊళ్లో మీరు ఎంత ఒత్తిడి భరించగలరో నాకంటే మీకు బాగా తెలుసు. రెండింటిలో ఏది చేసినా పీపీని ఇంకొకటి అడగండి: పిల్లవాడి సాక్ష్యం నిందితులు, జనం ఎదురుగా కాకుండా, పిల్లల వంటి సాక్షుల కోసం కోర్టుల్లో ఏర్పాటు చేస్తున్న ప్రత్యేక గదిలో నమోదు చేయించమని. అటువంటి కేంద్రాలు నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2022లో హైకోర్టులన్నిటికీ చెప్పింది. మీ జిల్లాలో ఉందో లేదో పీపీ చెబుతారు.

నోటీసు ఇచ్చేముందు ఆ ఎపిసోడ్ లింకు, ప్రసారమైన తేదీ, పిల్లవాడి ముఖం కనిపించిన నిమిషం రాసుకుని, స్క్రీన్‌షాట్లు తీసి మీ లాయరుకు ఇవ్వండి. నోటీసు అందిన గంటలో వీడియో తీసేసి, మేమెప్పుడూ వేయలేదంటారు. ఈ పని అమ్మ చేత చేయించవద్దు, ఆ వీడియో మీరే చూడండి.